కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక సిస్టం ఆన్ కావడం లేదా? ఫార్మాట్‌కు ముందు ఇవి చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు జెరాక్స్, డీటీపీ షాపుల్లో తెలుగు శుభలేఖలు, ఒడియా దరఖాస్తులు, వేలిముద్ర మెషీన్, ప్రింటర్లు అన్నీ ఒకే సిస్టం మీద నడుస్తుంటాయి. కొత్త టైపింగ్ సాఫ్ట్‌వేరో, ప్రింటర్ లాంటి పరికరాన్ని నడిపే డ్రైవరో వేసి రీస్టార్ట్ చేశాక విండోస్ రాకపోతే చాలామంది నేరుగా ఫార్మాట్‌కు ఇచ్చేస్తారు. డెస్క్‌టాప్ మీది ఫైళ్లూ, మళ్లీ దొరకని పాత ఫాంట్లూ అలాగే పోతాయి. చివరగా వేసినదాన్ని తీసేస్తే చాలావరకు సిస్టం మామూలుగా లేస్తుంది.

ఎక్కడ ఆగిందో ముందు చూడండి. లైటు వెలగక, ఫ్యాను తిరగకపోతే అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. వైరు, యూపీఎస్ చూసుకోండి. పాస్‌వర్డ్ అడిగే చోటిదాకా వచ్చి సరైన పాస్‌వర్డ్‌నే తప్పంటుంటే కీబోర్డు ఒడియాకో తెలుగుకో మారి ఉండవచ్చు. కింద కుడి మూలన భాష పేరు చూసి, విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కి ఇంగ్లిష్‌కు మార్చండి. మన వైపు షాపుల్లో మూడు భాషల కీబోర్డులు వేసుకుంటారు కాబట్టి ఇది తప్పక చూడాల్సిందే.

లోగో దగ్గరో, విండోస్ పడిపోయినప్పుడు వచ్చే నీలం తెర (కొత్త విండోస్ 11లో నలుపు) దగ్గరో ఆగుతుంటే కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీవన్నీ పీకేయండి: వేలిముద్ర మెషీన్, ప్రింటర్, సాఫ్ట్‌వేర్ తాళంగా ఇచ్చే డాంగిల్, పెన్‌డ్రైవ్. అప్పుడు లేస్తే వాటిలో ఒకదాని డ్రైవర్‌నే అనుమానించాలి. ఆ తెర మీద ఏదైనా ఫైలు పేరు కనిపిస్తే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ డ్రైవర్ పడిపోయిందో దాన్నిబట్టి తెలియవచ్చు.

అయినా లేవకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. విండోస్ 10, 11లో లోగో కనబడగానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అప్‌డేట్ శాతం నడుస్తున్నప్పుడు మాత్రం ఆపకండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్ వరుసగా నొక్కి, జాబితా రాగానే 4 నొక్కండి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే మధ్యలో 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సిస్టం వాడుతుంటే అది సాధారణంగా ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది, ఫోన్‌లో తెరిచి చూడవచ్చు.

సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లనే తెస్తుంది, అందుకే లేస్తుంది. కంట్రోల్ ప్యానెల్లో ప్రోగ్రామ్స్ తెరిచి తేదీ ప్రకారం పేర్చి, చివరగా వేసినదాన్ని తీసేయండి. డ్రైవర్ అయితే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్ తెరిచి, రోల్ బ్యాక్ నొక్కి పాత డ్రైవర్‌కు మార్చండి. కొన్ని ప్రోగ్రాములు విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మీద ఆధారపడతాయి. సేఫ్ మోడ్‌లో ఆ సర్వీసు నడవదు కాబట్టి అవి తీయనివ్వవు. వాటితో కుస్తీ పట్టకండి, ఇందాకటి రిపేర్ తెరకు వెళ్లి, సిస్టంను పాత తేదీ స్థితికి తీసుకెళ్లే సిస్టం రీస్టోర్ ఎంచుకోండి. మీ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. మీరు ఎంచుకున్న తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు మాత్రం పోతాయి. మధ్యలో కరెంటు పోతే పరిస్థితి మరింత పాడవుతుంది, కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. వానాకాలం సాయంత్రాల్లో అసలే వద్దు.

అలా వెనక్కి వెళ్లడానికి దాచి ఉంచిన రీస్టోర్ పాయింట్లే లేవని చెబితే ముందు ఫైళ్లు కాపాడుకోండి. రిపేర్ తెరలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనబడతాయి. ఫోల్డర్ మీద కుడి క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయవచ్చు. అక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు, సీ అనుకున్నది డీగా కనిపించినా కంగారు పడకండి. ఇది అయ్యాకే, విండోస్‌ను మళ్లీ కొత్తగా వేసే రీసెట్ జోలికి వెళ్లండి. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకున్నా వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి, కాబట్టి టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్స్ కీ చేతిలో ఉండాలి.

విండోస్ 7 ఇంకా వాడుతున్నవారు లోగోకు ముందే ఎఫ్8 నొక్కి 'లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్' ఎంచుకోవచ్చు. కొత్త డ్రైవర్ వేశాక ఒక్కసారైనా లాగిన్ అయి ఉంటే అది పనిచేయదు.

సిస్టం లేచాక అదే సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ వేయకముందు సిస్టం ప్రొటెక్షన్ ఆన్ చేసి ఒక రీస్టోర్ పాయింట్ పెట్టండి. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. సరైనదాన్ని అమ్మినవారి దగ్గరే అడిగి తీసుకోండి. ఒక యాంటీవైరస్ ఉండగా రెండోది వేయవద్దు.