పాత్రకో పాటల పెట్టె - మూడో పాఠం: రంగడికి పాటలు ఏరడం

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాటల్లో కథ నడుపుతూ పాచికలతో ఆడే ఆటల్లో, మన పాత్రకు తగ్గ పాటల జాబితానే ఇక్కడ పాటల పెట్టె అంటున్నాం. పోయిన పాఠంలో రంగడు అనే పాత్రకు క్యారెక్టర్ షీట్, అంటే వాడి వివరాల కాగితం, నింపాం. గుర్తుందిగా? రేవు ఊళ్లో పెరిగిన దొంగ. తల్లిలేని పిల్లాణ్ణి అక్క సాకింది. పందెం అంటే చాలు, కాదనలేడు. అక్క ఇప్పుడెక్కడుందో వాడికి తెలియదు. షీట్ ఇంకా సగంలో ఉన్నవాళ్లు అది పూర్తి చేసి రండి, ఈ పాఠమంతా దాని మీదే నడుస్తుంది.

పాటలకన్నా ముందు పుస్తకాల సంగతి ఒకటి చెప్పాలి. మా బల్ల దగ్గర కొత్త ఆట మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం పాచికలు బయటికి తీయం. ఎవరికిష్టమైన పుస్తకం వాళ్లు తెస్తారు. ఒక పేజీ పైకి చదివి, "ఇందులోంచి నేను ఎత్తుకొచ్చేది ఇదీ" అని ఒక్క ముక్కలో చెప్పాలి. కథ చెప్పకూడదు. మొదటిసారి ఈ నియమం పెట్టకపోతే ఒకాయన గంటంపావు కథ చెప్పాడు, మిరపకాయ బజ్జీలు చల్లారిపోయాయి.

ఈ అలవాటు మేం కనిపెట్టిందేం కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి చేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆట 1974లో వచ్చింది. 1979లో గైగాక్స్ ఆట నడిపేవాళ్ల కోసం డంజన్ మాస్టర్స్ గైడ్ అనే పుస్తకం రాసి, వెనకాల "అపెండిక్స్ ఎన్" అని ఒక జాబితా చేర్చాడు. తనను ఊరించిన రచయితలు, వాళ్ల పుస్తకాలు అందులో ఉంటాయి. పాత ఆటలో మాంత్రికుడు మంత్రాన్ని ముందే బుర్రకెక్కించుకోవాలి, ఒకసారి వాడాడంటే అది బుర్రలోంచి ఎగిరిపోతుంది. ఆ పద్ధతి రచయిత జాక్ వాన్స్ కథల్లోంచి ఎత్తుకొచ్చిందే. నచ్చిన పుస్తకంలోంచి ఒక్క ముక్క తీసి ఆటకు ఎముకలా పెట్టుకోవడమంటే అదీ.

రంగణ్ణి ఆడే మా వాడు ఓడల కథ ఒకటి తెచ్చి, అందులోంచి లంగరు గొలుసు చప్పుడు మాత్రం ఎత్తుకున్నాడు. మంచి దొంగతనం. ఆ చప్పుడు మళ్లీ పనికొస్తుంది, పక్కన పెట్టుకోండి.

ఇక పెట్టె. ఏడు పాటలు చాలు. ఆటకు వెళ్తూ బస్సులోనో మెట్రోలోనో అరగంటలో వినేసేలా ఉండాలి. నలభై పాటల లిస్టు చేసినవాణ్ణి చూశాను, రెండో వారం నుంచి వాడే తెరవలేదు.

మొదటి పాట మీద ఎక్కువసేపు కూర్చోండి. కూచిపూడి భామాకలాపం చూసినవాళ్లకు ఈ పాట పని ఏమిటో చెప్పక్కర్లేదు. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. తెర వెనక సత్యభామ. ముఖం కనిపించకముందే జడ తెర మీదుగా ఇవతలికి వచ్చి వేలాడుతుంది. ఆ జడతోనే ఆవిడ గర్వమంతా సభకు తెలిసిపోతుంది. ఆ తర్వాత ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. మీ మొదటి పాట ఆ దరువు. కాబట్టి ముందు మీ పాత్ర జడ ఏమిటో తేల్చుకోండి: ముఖంకన్నా ముందు వచ్చేదేమిటి? రంగడికి కత్తి అనుకున్నాం, కుదరలేదు. కత్తి అందరికీ ఉంటుంది. చివరికి ఈల అని తేలింది. చీకట్లో వాడి ఈల వినిపించాకే వాడు కనిపిస్తాడు. అందుకని వేణువుతో మొదలయ్యే జానపద బాణీ ఒకటి వెతికాం. ఇరవై సెకన్లలోపు రంగడు వచ్చెయ్యాలి, నిమిషంపాటు గాలి హోరు వినిపించి ఊరించే ట్రాక్ ఇక్కడ వద్దు.

ఇక్కడ మనవాళ్లకు మాత్రమే వచ్చే తలనొప్పి ఒకటుంది. సినిమా పాట పెట్టగానే హీరో వచ్చి కూర్చుంటాడు. రంగడి కోసం పెట్టిన పాటలో రంగడు పోయి, ఆ హీరో స్టెప్పులు, ఆ చొక్కా, ఇంటర్వెల్‌లో తిన్న సమోసాతో సహా గుర్తొస్తాయి. మీకు మరీ తెలిసిన పాటను పాత్రకివ్వకండి. వదలలేకపోతే అదే పాట వయొలిన్ మీదో శాక్సఫోన్ మీదో వాయించింది పెట్టుకోండి. నా మటుకు నేను అర్థం తెలియని భాషల పాటలకే ఓటేస్తాను.

ఇంకో పొరపాటు దీనికన్నా చాప కింద నీరులా వస్తుంది. రంగడి మీద పాట వేరు, రంగడు వినే పాట వేరు. అక్క కోసం ఏడిచే తమ్ముడి పాట ఒకటి దొరికిందని మా వాడు సంబరపడ్డాడు. అడిగాను: "తాళం తీస్తూ రంగడు దీన్ని కూనిరాగం తీస్తాడా?" తీయడు. వాడు తీసేది అక్క గిన్నెలు తోముతూ పాడిన పాట, అదీ సగం మర్చిపోయి. అప్పుడు ఆ ఏడుపు పాట తీసేసి, అక్క నోట వినిపించే అలాంటి పాటే, పడవవాళ్ల పని పాట, రెండోదిగా పెట్టాం. హైలెస్సా అంటూ సాగే ఆ పాట మధ్యలో గొలుసు గలగల వినిపిస్తుంది. లంగరు గొలుసు దొరికేసింది! ప్రతి పాట పక్కనా షీట్‌లోని ఏ మాటకు అది జవాబో రాయండి. రాయలేకపోతే పాట ఎంత బాగున్నా తీసెయ్యండి.

ఇప్పుడు ఫోన్‌లో కీబోర్డు యాప్ తెరవండి. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడున్న గుంపులో మొదటి మెట్టు 'స' అనుకుని, అక్కణ్ణుంచి కుడివైపుకు వరసగా అయిదు నల్ల మెట్లు నొక్కండి. అవి మోహన రాగం స్వరాలు. వెన్నెల్లో రేవు, అక్క, చేపల బుట్టలు. ఇప్పుడు ఆ గుంపులో మూడో నల్ల మెట్టు, అంటే 'గ', వదిలేసి దాని ఎడమ పక్కనే ఉన్న తెల్ల మెట్టు నొక్కుతూ మళ్లీ వాయించండి. శివరంజని. గాంధారం ఒక్క మెట్టు దిగింది, అంతే. రేవు అదే, బుట్టలు అవే, అక్క లేదు.

రంగడి మూడో పాట మోహనలో, ఆరో పాట శివరంజనిలో పెట్టాం. రెండూ వేణువే. మధ్యలో నాలుగోది వాడి పందెం పిచ్చికి డప్పు దరువు, అయిదోది పోట్లాటకు. వాటి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఊపున్నదేదైనా నడుస్తుంది.

బల్ల దగ్గర వాడేటప్పుడు ఒక జాగ్రత్త. మాటలున్న పాటలు మీ ఒక్కరికే, ఆటకు ముందు. నేను డీఎంగా, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్‌గా, ఉన్న ఒక రాత్రి, సొరంగంలో రాక్షసి మీదికి దూకే ఘట్టంలో తెలుగు పాట పెట్టాను. పల్లవికి నలుగురూ గొంతు కలిపారు. రాక్షసి వేచి చూసింది. అప్పటినుంచి ఆట మధ్యలో వాయిద్యాలే, అదీ పాచిక దొర్లిన చప్పుడు వినిపించేంత తక్కువ సౌండులో.

ఏడో గడి ఖాళీగా ఉంచండి. నాలుగైదు సెషన్లు ఆడాక, మీరు అనుకోనిది మీ పాత్ర ఒకటి చేస్తుంది. ఆ రాత్రి ఇంటికొచ్చి నింపండి. మా రంగడు అక్కను వెతకడానికి దాచిన డబ్బంతా ముక్కూమొహం తెలియని పిల్లాడి కోసం పందెంలో ఒడ్డాడు. ఏడో గడిలోకి జోలపాట వచ్చింది. షీట్ చూస్తే ఆ పాట ఎవరూ ఊహించలేరు.

ఈ వారం పని: మీ పాత్ర జడ ఏమిటో ఒక వాక్యం రాయండి. పుస్తకంలోంచి ఎత్తుకొచ్చిన చప్పుడు ఒకటి, వాసన ఒకటి పక్కన రాయండి. మొదటి మూడు పాటలు మాత్రమే ఏరండి. వాటిని మీ బల్ల దగ్గరివాళ్లలో ఒకరికి, పాత్ర పేరు చెప్పకుండా వినిపించి, "ఎవరు వస్తున్నారు?" అని అడగండి. వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాసుకుని నాలుగో పాఠానికి తెండి. అందులో శత్రువుకు పాటలు ఏరుతాం.