మురుగునీటి రోగక్రిములను నేలలోనే నిలువరించడం ఎలా

సెప్టిక్ ట్యాంకు మురుగునీటిని శుద్ధి చేస్తుందని చాలామంది నమ్ముతారు. నిజానికి అది ప్రధానంగా చేసేది మడ్డిని అడుగుకు, జిడ్డును పైకి వేరు చేయడం. ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీరు చూడటానికి కాస్త తేటగా ఉన్నా, రోగకారక బాక్టీరియా, వైరస్‌లు అందులో పెద్దసంఖ్యలో బతికే ఉంటాయి. వాటిని ఆపవలసినది ఆ తర్వాత వచ్చే నేల. అందువల్ల ట్యాంకు నీరు నేలలోకి దిగేందుకు ఇంకుడు గుంత తవ్వించే ముందు, లేదా మురుగునీటిని మొక్కలకు మళ్లించే ముందు, నేల ఆ పనిని ఎప్పుడు చేయగలదో, ఎప్పుడు చేయలేదో తెలుసుకోవాలి.

ముందుగా క్రిముల పరిమాణాన్ని గుర్తుంచుకోండి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఏలికపాము గుడ్డు పొడవు సుమారు 45 నుంచి 75 మైక్రాన్లు, విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కోశం 4 నుంచి 6, టైఫాయిడ్, కలరా వంటి బాక్టీరియా 1 నుంచి 5 మైక్రాన్ల వరకు ఉంటాయి. విరేచనాలు, కామెర్లు, పోలియో కలిగించే వైరస్‌లు 0.02 నుంచి 0.1 మైక్రాన్ మాత్రమే. సన్నని మట్టి ఏలికపాము గుడ్లను జల్లెడలా పైపొరలోనే ఆపేస్తుంది, బాక్టీరియాను కొంతవరకు వడగడుతుంది. వైరస్‌లకు మాత్రం మట్టి సందులన్నీ విశాలమైన దారులే. అవి ఆగాలంటే మట్టిరేణువులకు అతుక్కోవాలి.

ఈ అతుక్కోవడం విద్యుదావేశాల మీద ఆధారపడుతుంది. మామూలు నేలలో వైరస్‌కూ బంకమట్టి రేణువుకూ రెండింటికీ రుణావేశమే ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. మురుగునీటిలో కరిగివున్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు మధ్యలో వంతెనలా నిలిచి వాటిని కలుపుతాయి. ఇనుము ఆక్సైడ్లు ఎక్కువగా ఉన్న ఎర్రనేలలు, కొద్దిగా ఆమ్లగుణం గల నేలలు వైరస్‌లను మరింత బాగా పట్టుకుంటాయి. అయితే అతుక్కున్న వైరస్ చనిపోయినట్టు కాదు. లవణాలు దాదాపుగా లేని వాననీరు పెద్దయెత్తున దిగినప్పుడు ఆ పట్టు సడలి, వారాల కిందట ఆగిపోయిన వైరస్‌లు మళ్లీ కిందికి కదలవచ్చు. ఇంటికప్పు మీది వాననీటిని ఈ మురుగునీటి ఇంకుడు గుంత వైపు ఎన్నడూ వదలకూడదని చెప్పడానికి ఇది బలమైన కారణం.

అన్నిటికంటే ముఖ్యమైనది నేలలోని గాలి. మట్టి సందుల్లో కొంత గాలి, కొంత నీరు ఉన్నప్పుడు, నీరు రేణువుల ఒంటినంటి పలచని పొరగా, చిన్నసందుల గుండా మెల్లగా దిగుతుంది. దారిపొడవునా క్రిములు మట్టిని తాకుతూనే ఉంటాయి, వాటిని తినే నేలజీవులకు ప్రాణవాయువు అందుతుంది. అదే నేల పూర్తిగా నీటితో నిండితే, నీరు పెద్దసందులను, వేళ్లు కుళ్లిన దారులను, వానపాముల బొరియలను, నెర్రెలను ఎంచుకుని వడిగా పారుతుంది. అప్పుడు ఎంత మంచి మట్టి అయినా పక్కనే ఉండి ఏమీ చేయలేదు.

కాబట్టి స్థలాన్ని బాగా వానలు పడే కాలంలో పరీక్షించండి. లోతైన గొయ్యి కూలే ప్రమాదం ఉంటుంది కనుక చేతితో తిప్పి నేలను తొలిచే ఆగర్ అనే పనిముట్టుతో మట్టిని పొరలు పొరలుగా పైకి తీయడం మంచిది. బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలు ఏ లోతులో కనిపిస్తే, ఏడాదిలో కొంతకాలం నీరు అక్కడిదాకా వచ్చి నిలుస్తోందని అర్థం, ఆ రోజు అక్కడ తడి లేకపోయినా సరే. ఇంకుడు గుంత అడుగుకూ భూగర్భజలం చేరే అత్యధిక మట్టానికీ మధ్య కనీసం 1.5 మీటర్ల గాలి ఆడే మట్టి ఉండాలి. తాగునీటి బావికి గుంత కనీసం 30 మీటర్ల దూరంలో, పల్లపు వైపున ఉండాలి. ముతక గులకనేలలోనూ, పగుళ్లున్న సున్నపురాతి మీదా ఈ దూరాలను నమ్ముకోవద్దు.

తర్వాత ఇంకుదలను చూడండి. చిన్నగొయ్యి తవ్వి, ముందురోజే నీటితో బాగా నానబెట్టాలి, లేకపోతే ఎండుమట్టి పీల్చుకునే వేగం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మర్నాడు నీరు పోసి కొలిచినప్పుడు, 2.5 సెంటీమీటర్లు దిగడానికి ఒక నిమిషం కూడా పట్టకపోతే ఆ నేల వడగట్టలేదు. గంటకు మించి పడితే నీరు నిలిచిపోతుంది. రెండు సందర్భాల్లోనూ వేరే స్థలం వెతకాలి.

లోతైన గుంతకు బదులు లోతు తక్కువ, పొడవు ఎక్కువ గల కందకాలనే నేను గట్టిగా సూచిస్తాను, ఎందుకంటే గాలీ నేలజీవులూ పైపొరల్లోనే ఎక్కువ. రెండు కందకాలు ఉంటే వాటిని మార్చిమార్చి వాడి, ఒకదానికి విశ్రాంతి ఇవ్వవచ్చు. కొన్ని నెలల వాడకంలో కందకం అడుగున నల్లని జిగురుపొర ఏర్పడుతుంది. అది దిగే నీటి వేగాన్ని తగ్గించి వడపోతను మెరుగుపరుస్తుంది. ఆ పొర ఏర్పడేదాకా కొత్త కందకం బలహీనమైన జల్లెడే, అందుకే తొలి నెలల్లో బట్టల ఉతుకు అంతా ఒకే రోజు పెట్టుకోకుండా నీటిని కొద్దికొద్దిగా పంపండి.

నేలలో ఆగిన క్రిములు ఎంతకాలం బతుకుతాయన్నది వేడి, తడి, ఎండ నిర్ణయిస్తాయి. 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర టైఫాయిడ్ కుటుంబపు బాక్టీరియా సాధారణంగా 20 రోజులలోపు నశిస్తుంది, అరుదుగా 70 రోజుల దాకా నిలుస్తుంది. పేగు వైరస్‌లు అనుకూలిస్తే 100 రోజుల దాకా నిలవవచ్చు. చల్లని, తడి, నీడనేలలో ఈ గడువులన్నీ పెరిగిపోతాయి. ఏలికపాము గుడ్లు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. అవి ట్యాంకు అడుగు మడ్డిలో పేరుకుంటాయి కనుక ఆ మడ్డిని పచ్చిగా తోటలో వేయడం చాలా ప్రమాదకరం. కంపోస్టు చేస్తే కుప్పలోని ప్రతి భాగమూ 50 డిగ్రీలకు పైగా వారానికి మించి వేడెక్కేలా తిరగవేయాలి.

మొక్కలకు మురుగునీరు పెట్టేవారు దాన్ని చిమ్మకుండా, మట్టి కింద వేసిన గొట్టాల ద్వారా వేళ్లకు అందించాలి. దుంపలకు, పచ్చిగా తినే ఆకుకూరలకు వాడకూడదు. కొంకిపురుగు (హుక్‌వార్మ్) పిల్లలు తడిమట్టిలో సుమారు వారం పది రోజుల్లో చర్మాన్ని తొలుచుకుపోయే దశకు చేరతాయి కనుక ఆ మడుల్లోకి వట్టికాళ్లతో ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, వెళ్లకూడదు.

బావినీటి నమూనాను ఎండాకాలంలో కాక పెద్దవాన పడిన తర్వాత తీసి, మలంలో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియా కోసం పరీక్ష చేయించండి. అది కనిపిస్తే మలం నీటిని చేరుతున్నట్టే. కనిపించకపోయినా వైరస్‌లు లేవని చెప్పలేము, ఎందుకంటే బాక్టీరియాను ఆపిన నేలే వైరస్‌ను దాటనివ్వవచ్చు. కలుషితమైందని తేలితే కారణం సరిదిద్దేదాకా తాగే నీటిని తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించాలి. క్రిప్టోస్పోరిడియం కోశాలు క్లోరిన్‌ను తట్టుకుంటాయి కనుక బ్లీచింగ్ పొడి ఒక్కటే వేసి ఊరుకోవద్దు.