రిటైల్ షేరు సగానికి పడిందా? కొనేముందు ఇవి చూడండి

సమస్య: బుక్ వాల్యూ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే ఒక్కో షేరుకి వచ్చే విలువ) 100, షేరు ధర 60. చవగ్గా ఉందనిపిస్తుంది.
కారణం: బట్టల కంపెనీ ఆస్తుల్లో పెద్ద భాగం సరుకే. పోయిన సంక్రాంతికి తెప్పించి మిగిలిపోయిన చీరలు, విలువ తగ్గించి రాసేదాకా లెక్కల్లో కొన్న ధరకే ఉంటాయి.
పరిష్కారం: ఏడాది చివర ఉన్న సరుకు విలువను, ఆ ఏడాది అమ్మిన సరుకు ఖరీదుతో భాగించి 365తో గుణించండి, సరుకు అమ్ముడవడానికి సుమారుగా ఎన్ని రోజులు పడుతోందో వస్తుంది. ఐదేళ్లకి ఇలా కట్టినప్పుడు రోజులు పెరుగుతూ పోతుంటే ఆ బుక్ వాల్యూని నమ్మొద్దు.

సమస్య: ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) బాగుంది, అప్పు మాత్రం పెరుగుతోంది.
ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 116 అనే లెక్కల ప్రమాణం వల్ల షాపుల అద్దెలో చాలా భాగం ఎబిటాకి కింద తరుగుదలగా, వడ్డీగా పోతుంది, క్యాష్ ఫ్లోలో (నగదు రాకపోకల పట్టికలో) కూడా ఫైనాన్సింగ్ భాగంలో లీజు చెల్లింపులుగా ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోలోంచి ఆ చెల్లింపులు, అప్పుల వడ్డీ తీసేసి చూడండి. వరసగా మూడేళ్లు మైనస్ వస్తే పీఈ (షేరు ధర ఒక్కో షేరు లాభానికి ఎన్ని రెట్లో) ఎంత తక్కువున్నా నేనైతే ముట్టుకోను.

సమస్య: ఒక క్వార్టర్ (మూడు నెలల) అమ్మకాలు బాగా పడ్డాయి.
ముందే కంగారు పడొద్దు, పండగ తేదీ ముందుకో వెనక్కో జరిగిందేమో చూడండి. దసరా 2024లో అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చింది. దసరాకీ, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకీ కొనే బట్టల్లో చాలావరకు 2025లో సెప్టెంబరులోనే, అంటే ముందు క్వార్టర్‌లోనే కొనేసి ఉంటారు. రెండు క్వార్టర్లు కలిపి, అదీ పాత షాపుల అమ్మకాలే పోల్చండి, ఎందుకంటే కొత్త షాపులు తెరిచి మొత్తం పెంచి చూపడం తేలిక.

సమస్య: షాపు కిటకిటలాడుతోంది, షేరేమో పడుతోంది.
విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గరో ఒక్క షాపులో జనాన్ని చూసి నిర్ణయించకండి. పండగ లేని రోజు వెళ్లి ర్యాకులు చూడండి. రోజూ అమ్ముడుపోయే సరుకే వారాల తరబడి లేదంటే సప్లయర్లు అరువు ఆపేసి ఉండొచ్చు.

సమస్య: ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) షేర్లు తాకట్టులో ఉన్నాయి, "ఎవరో కొంటారట" అనే వార్త మీద షేరు ఎగురుతోంది.
బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ సంగతి చూడండి. 2020 ఆగస్టులో ఫ్యూచర్ గ్రూపు వ్యాపారాలకి రిలయన్స్ 24,713 కోట్ల ఒప్పందం ప్రకటించింది, అది కుదరలేదు, 2022 జులైలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆస్తులు అమ్మితే దివాలా చట్టం సెక్షన్ 53 ప్రకారం మామూలు వాటాదారుల వంతు అందరికంటే చివర. అందుకే వార్త చదివిన రోజే బీఎస్ఈ సైట్లో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో చెప్పే పట్టిక) తెరిచి, తాకట్టు శాతం గత నాలుగు క్వార్టర్లలో ఎటు పోతోందో చూడండి. పెరుగుతుంటే ఆ షేరు వదిలేయండి.