గడ్డ చుట్టూ గీత గీసే ముందు

థైరాయిడ్ గడ్డ స్కాన్‌లో సాఫ్ట్‌వేర్ సాయం తీసుకునే కొత్త డాక్టర్లకు నేను మొదట చెప్పేది ఒకటే. ముందు మీ టైరాడ్స్ స్కోరు (గడ్డ రూపాన్ని బట్టి క్యాన్సర్ అనుమానానికి వేసే పాయింట్లు) కాగితం మీద వేసుకోండి, ఆ తర్వాతే బటన్ నొక్కండి. దాని జవాబు ముందే చూశామా, మన కన్ను కూడా దానికి తందాన అంటుంది.

పేషెంటు భుజాల కింద దిండు పెట్టి, గడ్డం పైకి ఎత్తించండి. 10–12 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్, ఫోకస్ గడ్డ లోతుకి. జెల్ ఎక్కువ వేయండి, ప్రోబ్‌ను నొక్కకండి. నొక్కితే గడ్డ చదునవుతుంది, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువున్న గడ్డకు రావలసిన 3 పాయింట్లు పోతాయి. గెయిన్ (బొమ్మ వెలుగు) మరీ తగ్గించినా తప్పే, అన్నీ నల్లగా కనిపిస్తాయి. మెడ ముందు కండరం కంటే నల్లగా ఉంటేనే 'బాగా నలుపు' కింద లెక్క.

ఇప్పుడు ఫ్రీజ్ చేయండి. కొలత గుర్తులు లేని ఫ్రేమ్ విడిగా దాచుకోండి, విశ్లేషణకు అదే ఇవ్వాలి. గడ్డ చుట్టూ గీత సాఫ్ట్‌వేరే గీసినా నమ్మి వదిలేయకండి. పక్క గడ్డనో రక్తనాళాన్నో కలిపేసుకుంటుంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చేయండి.

నేను దెబ్బతిన్నది తెల్ల చుక్కల దగ్గర. 1.8 సెంటీమీటర్ల గడ్డ, సగం నీరు, మిగతాది మామూలు థైరాయిడ్ రంగే, అంచు నున్నన. నా లెక్కలో 2. మెషీన్ చుక్కలకు 3 కలిపి 5 అంది. అంటే సూది పరీక్ష. పేషెంటుకు ఒకటే టెన్షన్. కాంపౌండ్ ఇమేజింగ్ (పలు కోణాల బొమ్మలు కలిపి నునుపు చేసే ఫిల్టర్) ఆపి మళ్లీ చూస్తే ఒక్కో చుక్క వెనక పెద్ద తోక! అంటే కొల్లాయిడ్, థైరాయిడ్‌లో ఉండే జిగురు పదార్థం, భయపడాల్సింది కాదు. ఆ ఫిల్టరే తోకల్ని చెరిపేసింది, మెషీన్‌కి కనిపించింది ఉత్త చుక్కలే. ఆ ఫిల్టర్ ఆన్ చేసింది నేనే మరి. అప్పట్నుంచి చుక్కలుంటే అది ఆపి ఇంకో ఫ్రేమ్ తీస్తున్నాను.

ఇంకో మాట. థైరాయిడ్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌కి మెడ బిళ్లల (లింఫ్ గ్రంథుల) బొమ్మలు ఇవ్వకండి. అది 'నాకు తెలియదు' అనదు, ఏదో ఒకటి చెప్పేస్తుంది. గుట్కా అలవాటుండి, నోట్లో మానని పుండున్న మనిషికి మెడలో గుండ్రటి బిళ్ల, మధ్యలో తెల్లటి హైలం (రక్తనాళాలు లోపలికెళ్లే చోటు) కనబడకపోతే, స్కోర్లతో పని లేదు, సూది పరీక్షకు రాసేయండి.

రిపోర్టులో నా స్కోరు పైన, సాఫ్ట్‌వేర్‌ది కింద వేరే వరుసలో రాస్తాను. రెండూ కలవకపోతే ఎందుకో ఒక్క ముక్క, కింద నా సంతకం.