మన వంశవృక్షం మనమే కట్టుకుందాం – 6వ పాఠం: బంధువుల చేతికి ఇచ్చే ముందు

గడిచిన ఐదు పాఠాల్లో పేర్లు ఎక్కించాం, తేదీలకు ఆధారాలు జతచేశాం, పాత ఫొటోలు స్కాన్ చేసి పెట్టుకున్నాం. ఇక నలుగురికీ చూపించాలని మనసు తహతహలాడుతుంది. ఇక్కడే కాస్త ఆగమంటాను. ఆ సమాచారాన్ని పోగుచేసింది మనమే కావచ్చు, కానీ బతికి ఉన్న ప్రతి మనిషికీ తన పుట్టిన తేదీ మీద, తన పెళ్లి మీద, విడాకుల మీద మనకంటే ఎక్కువ హక్కుంది.

మొదటిసారి పంచినప్పుడు నేను ఈ సంగతి మరిచాను. మా పిన్ని తన చిన్ననాటి విషయమొకటి చెబితే, మరిచిపోకుండా ఆమె పేరు కింద గమనికలో రాసుకున్నాను. గీసిన పటంలో అది కనిపించదు కాబట్టి ఎవరి కంటా పడదనుకున్నాను. ఫైలు అందుకున్న బంధువు దాన్ని తన కంప్యూటర్‌లో తెరిచేసరికి ఆ గమనిక అక్షరం పొల్లుపోకుండా అక్కడుంది. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత చాలాకాలం పాత సంగతులేవీ నాకు చెప్పలేదు.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఫైలు లోపలికి చూడాలి. వంశవృక్షాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి చేర్చడానికి 1984 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి జెడ్‌కామ్. ఫైలు పేరు చివర జీ, ఈ, డీ అనే మూడక్షరాలుంటాయి. అందులో ఉండేదంతా మామూలు అక్షరాలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంగ్లిషు పొడి అక్షరాలతో కనిపిస్తుంది. తెలుగులోకి మార్చి రాస్తే ఇలా ఉంటుంది:

0 వ్యక్తి
1 పేరు
1 జననం
2 తేదీ: 12 మార్చి 1931
2 ఊరు
1 గమనిక

సున్నాతో కొత్త మనిషి మొదలవుతాడు. ఒకటితో మొదలయ్యే వరుసలు ఆ మనిషి గురించి చెబుతాయి. రెండుతో మొదలయ్యేవి తమ పైనున్న ఒకటో అంకె వరుస గురించి చెబుతాయి. మనం ఆపకపోతే పటంలో కనిపించనివి కూడా ఈ వరుసల్లో చేరి వెళ్లిపోతాయి.

అందుకే మూలప్రతిని ఎప్పుడూ పంచవద్దు. పంచేది నకలు మాత్రమే, అదీ వడకట్టిన నకలు. ఉచితంగా దొరికే గ్రాంప్స్ అనే వంశవృక్ష సాఫ్ట్‌వేర్‌లో గోప్యంగా ఉంచాల్సిన గమనిక పక్కన తాళం గుర్తు నొక్కి, ఎగుమతి చేసేటప్పుడు గోప్యమైనవాటిని వదిలేయమని చెప్పవచ్చు. బతికి ఉన్నవారిని పూర్తిగా తీసేయమనవచ్చు, లేదా పేరు మాత్రం ఉంచమనవచ్చు. నేను పేరు మాత్రమే ఉంచుతాను. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు లాంటివి ఖాతాలకు భద్రతా ప్రశ్నలుగా అడిగేవే కదా.

ఇక్కడ ఒక చిక్కుంది. ఎవరు బతికి ఉన్నారో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, లెక్కగడుతుంది. మరణం నమోదు కాకపోతే, గ్రాంప్స్ మొదట్లో పెట్టుకున్న హద్దు ప్రకారం 110 ఏళ్లు దాటేవరకు మనిషి బతికి ఉండవచ్చనే అనుకుంటుంది. అందువల్ల ఎప్పుడో పోయిన ముత్తాత వివరాలు కూడా దాగిపోతాయి. తేదీ తెలియకపోయినా సరే, మరణించారన్న విషయం నమోదు చేయండి.

తెలుగులో పేర్లు రాసినవారికి మరో మాట. ఎగుమతిలో అక్షరాల పద్ధతి అడిగితే యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఆన్సెల్ అనే పాత పద్ధతిలో తెలుగు అక్షరాలకు చోటు లేదు. ఫొటోలనైతే విడిగా పంపాలి, ఎందుకంటే పాత జెడ్‌కామ్‌లో ఫొటో ఎక్కడుందో చెప్పే దారి మాత్రమే వెళ్తుంది. 2021లో వచ్చిన 7వ రూపంలో ఫొటోలతో కలిపి మూటకట్టే వీలుంది కానీ, అవతలివారి సాఫ్ట్‌వేర్ దాన్ని తెరవగలదో లేదో ముందే కనుక్కోండి.

అయినా అందరికీ జెడ్‌కామ్ అక్కర్లేదు. పెద్దవాళ్ల చేతికి పెద్ద అక్షరాలతో అచ్చువేసిన పటం ఇచ్చి చూడండి. వేలు పెట్టి చూపిస్తూ వాళ్లు సరిదిద్దే తప్పులు మరే విధంగానూ బయటపడవు. ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటే ముందు ఒక తేడా గమనించండి. కొన్ని చోట్ల చెట్టు మీదే, మీరు పిలిచినవారే చూస్తారు. ఫ్యామిలీసెర్చ్, వికీట్రీ లాంటి వెబ్‌సైట్లలో అందరిదీ ఒకే చెట్టు. అక్కడ మీరు చేర్చిన ముత్తవ్వ వివరాలను మీకు తెలియని దూరపు బంధువు కూడా మార్చవచ్చు. దానివల్ల కొత్త కొమ్మలు దొరుకుతాయి, సందేహమే లేదు. కానీ మీ మూలప్రతి మీ దగ్గర ఉన్నప్పుడే ఆ పనికి దిగండి.

దిద్దుబాట్లు మాత్రం ఒక్క చేతి మీదుగానే జరగాలి. ఎవరైనా సరిచేసిన ఫైలు తిప్పి పంపితే దాన్ని మూలప్రతిలో కలిపేయకండి, ప్రతి మనిషీ రెండుసార్లు కనిపిస్తాడు. ఏది తప్పో, ఎలా తెలిసిందో రెండు ముక్కల్లో రాయమని అడిగి, మీరే ఎక్కించండి.

అభ్యాసం: నకలు తయారుచేసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మీ కుటుంబంలో అందరికంటే చిన్న పాప పేరు వెతకండి. పేరు కింద పుట్టిన తేదీ కనిపించిందా? అయితే ఆ ఫైలు ఇంకా ఎవరికీ పంపకండి, వడకట్టడం మళ్లీ మొదటినుంచి చేయండి.