ఇంట్లో పాటలు వినడానికి హెడ్‌ఫోన్స్ కొంటున్నారా?

ముందు ఒక్క విషయం తేల్చుకోండి, మీరు పాటలు వినే గదిలో ఇంకెవరైనా ఉంటారా? ఉండరంటే కళ్ళు మూసుకుని ఓపెన్ బ్యాక్ తీసుకోండి. వీటి కప్పుల వెనక జాలీ ఉంటుంది, గాలి ఆడుతుంది, అందుకే పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా వినిపిస్తుంది, కాకపోతే అదే దారిలో శబ్దం బయటికీ పోతుంది కాబట్టి పక్కన పడుకున్నవాళ్ళకి నిద్ర ఉండదు. అలాంటప్పుడు క్లోజ్డ్ బ్యాకే నయం.

తర్వాత ఇంపీడెన్స్, అంటే హెడ్‌ఫోన్స్ కరెంటుకి ఎంత అడ్డుపడతాయో చెప్పే లెక్క, ఓమ్‌లలో ఉంటుంది. చాలామంది ఇది చూడకుండా కొనేసి సౌండ్ చాలట్లేదని బాధపడతారు. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్‌లు, ఫోన్‌కి పెట్టినా బాగానే పలుకుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓమ్‌లు, దానికి ఆంప్ (సిగ్నల్‌కి బలం పెంచే పెట్టె) ఖర్చు కూడా కలుపుకోండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది, ఆర్డర్ పెట్టేముందు మీరు ఎంచుకున్నది వాటిలో ఏదో సరిచూసుకోండి. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా పలుకుతాయో, అది కూడా చూడాలి, అది తక్కువైతే ఓమ్‌లు తక్కువున్నా సౌండ్ పెరగదు.

ఇంట్లో వినడానికే అయితే బయటి శబ్దాన్ని అణిచే నాయిస్ క్యాన్సలింగ్‌కి డబ్బు పెట్టకండి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది సౌకర్యం గురించి. కనీసం అరగంట పెట్టుకుని చూడండి. నాకు కళ్ళజోడు ఉంది, ప్యాడ్ గట్టిగా ఉంటే కాడ చెవిపైన నొక్కుకుంటుంది, ఆ సందులోంచి బేస్ కూడా జారిపోతుంది. మీకు బాగా తెలిసిన పాటే పెట్టండి, గాయని చరణం ఎత్తుకునేముందు ఊపిరి పీల్చడం వినిపిస్తోందా, 'స' అన్నచోట చెవిలో గుచ్చుతోందా గమనించండి.

వైరు ఊడదీయగలిగేదే కొనండి, నాది పిన్ను దగ్గరే తెగింది.