కాపర్‌బ్యాండ్ చేప డొక్క ఎండిపోయిందా?

ఉప్పునీటి అక్వేరియం ఉన్నవాళ్లు మోజుపడి తెచ్చుకునే చేపల్లో కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై ఒకటి. వెండి రంగు ఒంటి మీద నారింజ పట్టీలు, ముందుకు సాగిన సన్నటి మూతి. సముద్రంలో పట్టిన దగ్గర నుంచి నాలుగు చేతులు మారి మన ఇంటికి చేరేసరికి చాలాసార్లు రోజుల తరబడి పస్తులుండి వస్తుంది. ఇక్కడ కూడా మేత ముట్టకపోతే కళ్లముందే కరిగిపోతుంది. మాకు వచ్చినది కూడా అలాంటి స్థితిలోనే వచ్చింది. దాన్ని కోలుకునేలా చేసే క్రమంలో నేర్చుకున్నవే ఇవన్నీ.

ముందు వీపు చూడండి

ఈ చేప పళ్లెంలా పలచగా ఉంటుంది కాబట్టి పక్క నుంచి చూస్తే మోసపోతాం. ఎదురుగా, ముఖం వైపు నుంచి చూడండి. పొట్ట మాత్రమే లోపలికి పోయి ఉంటే అది కొద్ది రోజుల ఆకలి. కళ్ల పైన గుంటపడి, వీపు కత్తి అంచులా తేలిందంటే ఒంట్లో కండ కరుగుతోందని అర్థం. ఇక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

లక్షణం: మేత దగ్గరికొస్తుంది, చూస్తుంది, వెళ్లిపోతుంది

నూటికి తొంభై మంది టెన్షన్ పడేది ఇక్కడే. దీనికి రోగం కారణం కాకపోవచ్చు. సముద్రంలో ఇది రాళ్ల సందుల్లో మూతి దూర్చి పురుగులను, చిన్న చిన్న రొయ్య జాతి జీవులను పీక్కు తినే చేప. నీళ్లలో తేలే ఫ్లేక్స్, పెల్లెట్లు దానికి మేతలాగే కనిపించవు.

చేపల మార్కెట్లో ప్రాణంతో ఉన్న ఆల్చిప్పలు కొనండి. రోగాల భయం కొంత తగ్గడానికి ఒకటి రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తర్వాత ఒకటి కరిగించి, తెరిచి, మాంసం ఉన్న సగాన్ని రాయి సందులో ఏటవాలుగా నిలబెట్టి దూరంగా వచ్చేయండి. ఉడికించినవి, ఉప్పు మసాలా తగిలినవి వద్దు.

మా చేప మొదటి రోజు చిప్ప చుట్టూ తిరిగిందే తప్ప ముట్టలేదు. రెండో రోజు సాయంత్రం తల కిందికి వంచి, ముందు ఒక కన్నుతో, తర్వాత రెండో కన్నుతో చూసుకుని, ఠక్కున పొడిచింది. మూతి చివర దారంలా తెల్లటి మాంసపు పోగు వేలాడింది. దాన్ని లోపలికి లాక్కునేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

రెండు మూడు గంటల్లో చిప్ప తీసేయండి, లేకపోతే నీళ్లు పాడవుతాయి. నాలుగైదు రోజులు బాగా తిన్నాక, ఖాళీ చిప్పలో కరిగించిన మైసిస్ రొయ్యలు (గడ్డకట్టించి అమ్మే బుల్లి రొయ్యల్లాంటి జీవులు) అదిమి పెట్టండి. అలవాటైన చిప్పే కాబట్టి పొడుస్తుంది. మైసిస్ రుచి మరిగితే సగం గెలిచినట్టే. ఆల్చిప్ప మాంసం ఒక్కటే నెలల తరబడి పెట్టకండి. కొన్ని రకాల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది.

చిప్పను కూడా ముట్టకపోతే ప్రాణమున్న ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే బుల్లి రొయ్య జాతి జీవి) పెట్టండి. మన కోస్తా రొయ్యల హేచరీల్లో రొయ్య పిల్లలకు మేపేది ఇదే. గుడ్లు ఉప్పునీటిలో సుమారు 28 డిగ్రీల వద్ద ఒక రోజులో పొదుగుతాయి. కానీ అప్పుడే పుట్టినవి ఈ చేపకు మరీ చిన్నవి, పెద్దవవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే చేపను కొనక ముందే వాటి పెంపకం మొదలుపెట్టమంటాను. పెద్దవాటిలో బలం తక్కువ కాబట్టి, ఒమేగా-3 కొవ్వులున్న ద్రవంలో కాసేపు ఉంచి పెట్టండి.

లక్షణం: నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది

ముక్క పెద్దదై ఉంటుంది. దాని నోరు ఎంత చిన్నదో ఒకసారి దగ్గరగా చూసి, అంతకంటే చిన్నగా తరగండి.

లక్షణం: తినబోతే వేరే చేపలు తరుముతున్నాయి

ట్యాంగులు, డామ్సెల్స్ లాంటి దూకుడు చేపలు ఉన్న చోట నిదానంగా తినే ఈ చేపకు ఏమీ మిగలదు. చిల్లులున్న పెట్టెలోనో వేరే ట్యాంకులోనో విడిగా ఉంచండి. దాక్కోవడానికి పైపు ముక్కలు వేయండి.

లక్షణం: తింటోంది, ఒళ్లు చేయడం లేదు

ముందు లెక్క చూడండి. రోజుకు ఒకటి రెండుసార్లు పెడితే చాలదు, కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టాలి. ఎండిన డొక్కలోకి ఒకేసారి కుక్కితే అరగదు.

తెల్లటి దారంలాంటి మలం కనబడగానే కడుపులో పురుగులు పోయే మందు వేసేయకండి. పస్తులున్న చేపకు పేగుల్లోని జిగురే అలా వస్తుంది. రెండు వారాలు బాగా తిన్నాక కూడా అలాగే ఉంటే పరాన్నజీవులను అనుమానించాలి. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్, కొన్ని రకాల పేగు సూక్ష్మజీవులకు మెట్రోనిడజోల్ వాడతారు. మందు, మోతాదు చేపల వైద్యం తెలిసిన డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. మందు వేసేది విడి ట్యాంకులోనే, పగడాలున్న దాంట్లో కాదు.

మేత పెరిగితే నీళ్లు

విడి ట్యాంకు చిన్నది, మేతేమో ఎక్కువ. చేప మలం, మిగిలిన మేత నుంచి నీళ్లలో చేరే విషం అమ్మోనియా. దాన్ని రోజూ పరీక్షించండి, అది సున్నా ఉండాలి. ఉప్పునీటి పీహెచ్ ఎక్కువ కాబట్టి కొంచెం అమ్మోనియా కూడా గట్టిగానే దెబ్బతీస్తుంది. కనబడిన వెంటనే అదే వేడి, అదే ఉప్పదనం ఉన్న కొత్త నీళ్లతో మార్చండి. వేడి 25-26 డిగ్రీలు, ఉప్పదనం చూపే నీటి సాంద్రత 1.025 నిలకడగా ఉంచితే చాలు.

మా చేపకు పొట్ట నిండటానికి పది రోజులు పట్టింది, కళ్ల పైన గుంట పూడటానికి రెండు నెలలు. ఆ గుంట పూడేదాకా పెద్ద ట్యాంకులోకి మార్చకండి. మార్చిన రోజు తొలి మేత కూడా దానికి అలవాటైన ఆ చిప్పలోనే పెట్టండి.